బానెట్ దగ్గరికి పిల్లలు రావాలి

2021 మొదట్లో ఒక ఆదివారం గరివిడిలో పాత కార్లవాళ్లు కొందరు కలిసి తమ బళ్లన్నీ ఒకచోట పెట్టారు. సంక్రాంతి వెళ్లింది, కరోనా టీకాలు జనవరి 16న మొదలయ్యాయి. అయినా జనం రాలేదు. అక్కడున్నవి అంబాసిడర్లు, ఒక ప్రీమియర్ పద్మిని, ఒక విల్లీస్ జీపు. చూసేవాళ్లకన్నా యజమానులే ఎక్కువ. ఆ ఖాళీ నాకు హాయిగా అనిపించింది. తోపులాట లేదు, సెల్ఫీల గోల లేదు. అడిగిన వెంటనే బానెట్ ఎత్తారు, ఇంజను స్టార్ట్ చేసి వినిపించారు.

నా పాత పాట ఒకటుంది: బండి అందం రంగులో లేదు, నడకలో ఉంది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక షెడ్డుల్లో ఉండిపోయిన బళ్లను చూడండి. కార్బురేటర్లో పెట్రోలు ఆవిరైపోయి జిగురు మిగిలింది, జెట్లు పూడుకుపోయాయి. బ్యాటరీలు దిగిపోయాయి. బ్రేకు సిలిండర్లలో రబ్బర్లు పట్టేశాయి.

గరివిడిలో ఫేకర్ ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ జోరుగా నడిచిన రోజుల్లో ఊరి రోడ్డు మీద ఎటు చూసినా అంబాసిడర్లు, జీపులే. అప్పుడొక మెకానిక్ ఉండేవాడు. స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఏ వాల్వు వదులైందో చెప్పేసేవాడు. "బండి నిలబడిపోతే పాడైపోద్ది బాబూ, తిప్పుతుంటేనే బతుకుతాది" అనేవాడు. చుట్టూ మూగిన కుర్రాళ్లలో ఎవరినీ పొమ్మనేవాడు కాదు. స్పానర్ అందించే వంకతో దగ్గర చేరినవాళ్లే తర్వాత తలో షెడ్డు పెట్టుకున్నారు.

ఆ గుంపు గుర్తొచ్చాక ఆదివారం నాటి ఖాళీ మీద నా ఇష్టం పోయింది. ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ 2014 మేలో అంబాసిడర్ తయారీ ఆపేసింది. అయినా దొరకని విడిభాగాన్ని లేత్ మీద చేయించుకోవచ్చు. ఆ మెకానిక్ చెవిని మాత్రం ఏ లేతూ చేసివ్వదు. బండి పక్కన నిలబడి, వినీ వినీ తెచ్చుకోవాల్సిందే. లండన్ నుంచి బ్రైటన్‌కి 1905కు ముందటి కార్లు ఏటా ప్రయాణం చేస్తాయి. అక్కడ వందేళ్లు దాటిన ఇంజన్లు ఇంకా కదులుతున్నాయంటే, ప్రతి తరంలోనూ ఆ పని నేర్చుకునేవాళ్లు వస్తూ ఉండడం వల్లే.

పాత బళ్ల యజమానులారా, ఈసారి మీ బళ్లను హైస్కూలు ఆవరణలో పెట్టండి. బానెట్లు ఎత్తి ఉంచండి. ప్లగ్గులు పిల్లల చేతే తీయించి, శుభ్రం చేయించి, మళ్లీ వాళ్ల చేతే బిగించనివ్వండి. గీతలు పడితే పడనివ్వండి.