సంచి విప్పే ముందు

సింగూరు ప్రాజెక్టులోనో, పటాన్‌చెరు చుట్టుపక్కల చెరువుల్లోనో చేపపిల్లలను వదిలే బెస్త, ముదిరాజ్ మత్స్యకారుల నేర్పు వల విసిరేటప్పుడే కాదు, సంచి విప్పేటప్పుడూ చూడాలి. ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచిలో బొచ్చె, రవ్వ పిల్లలు గంటల తరబడి ప్రయాణించి వస్తాయి. లోపలి నీటి వేడి వేరు, చెరువు నీటి వేడి వేరు. అందుకే తెలిసినవాళ్లు మూతి విప్పకుండానే సంచిని పావుగంటో ఇరవై నిమిషాలో నీళ్లమీద తేలనిస్తారు. రెండు నీళ్లూ చేతికి ఒకేలా తగిలాకే మూతి విప్పి, దోసిళ్లతో చెరువు నీళ్లు కలుపుతారు. సంచిని వాల్చి పట్టుకుంటే పిల్లలు వాటంతటవే బయటికి ఈదిపోతాయి.

వేల పిల్లలున్న బండిని నిలబెట్టుకుని ఈ తతంగమెందుకు, కుమ్మరిస్తే బతికేవి బతుకుతాయి అనేవాళ్లున్నారు. కానీ నీటి వేడి ఒక్కసారిగా మారి దెబ్బతిన్న పిల్ల అప్పటికప్పుడు తేలదు. అడుగుకు చేరి చస్తుంది, లేదా కొంగకు దొరుకుతుంది. నష్టం కంటపడదు గనక లేదనుకుంటాం. అలాగని ఎంత ఆలస్యమైతే అంత మేలనీ కాదు. మూసిన సంచిలో పిల్లలు వదిలిన కార్బన్ డయాక్సైడ్ నీటిని కాస్త ఆమ్లంగా ఉంచి, అమ్మోనియా విషాన్ని అణచిపెడుతుంది. మూతి విప్పాక ఆ వాయువు పోతుంది, విషం పెరుగుతుంది. విప్పేదాకా ఓపిక, విప్పాక చురుకు, రెండూ ఉన్న చేతిపని ఇది. అయితే ఈ నేర్పుకూ హద్దుంది: పటాన్‌చెరు దగ్గరి గండిగూడెం చెరువులో 2017లో చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. కలుషితమైన నీటికి ఏ నేర్పూ విరుగుడు కాదు, నిజమే. కానీ బాగున్న చెరువులో పిల్ల బతుకు ఆ మొదటి అరగంట మనిషి చేతిలోనే ఉంటుంది.