తెలిసిన కథ, తెలియని నాట్యం: థాయ్ ఖోన్‌ను చూడటం ఎలా?

ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ రాయబారిగా 1687లో అయుత్థయ నగరానికి వచ్చిన సిమోన్ ద లా లూబేర్ సయాం దేశాన్ని గురించి ఒక గ్రంథం రచించాడు. అక్కడి ప్రదర్శన కళలను వర్ణిస్తూ ఆయన ఖోన్‌ను కూడా పేర్కొన్నాడు. ముఖతొడుగులు ధరించి, ఆయుధాలు చేపట్టిన నర్తకుల ప్రదర్శన ఆయనకు నాట్యం కంటె యుద్ధంగానే తోచింది. రామకథతో పరిచయం లేని పరదేశికి అంతకు మించి కనబడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

నేడు అదే ఖోన్‌ను చూడబోయే భారతీయుని పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నమైనది. 2024లో థాయ్‌లాండ్‌ను దర్శించిన భారతీయుల సంఖ్య 20 లక్షలు దాటింది. వారిలో బ్యాంకాక్ రాజప్రాసాదానికి వెళ్ళినవారు అక్కడి ఫ్రా కేవ్ ఆలయపు చుట్టుసావడి గోడలమీద 178 భాగాలుగా చిత్రించిన రామకథను చూస్తారు. రంగస్థలంమీద తెల్లని వానరుడు గంతువేయగానే హనుమంతుడని గుర్తిస్తారు. తోస్సకన్ అనే రాక్షసరాజు పేరు దశకంఠ శబ్దానికి, రామకియెన్ అనే కావ్యనామం రామకీర్తి శబ్దానికి రూపాంతరాలని తెలిసినప్పుడు వారి ఆనందానికి మేర ఉండదు. ‘ఇది మన రామాయణమే’ అన్న మాటతో ఆ ఆనందం పరాకాష్ఠ నందుకుంటుంది. పరిశీలన కూడా సాధారణంగా అక్కడితోనే ఆగిపోతుంది. లా లూబేర్‌కు కథ తెలియక నాట్యం అందలేదు. కథ ముందే తెలిసి ఉండటంవల్ల భారతీయ ప్రేక్షకునికి నాట్యం అందడం లేదు.

ఖోన్‌ను కేవలం భారతదేశంనుండి తరలివెళ్ళిన కళగా భావించడానికి వీలులేదు. క్షీరసాగర మథనాన్ని అభినయించే రాజాస్థాన క్రతువు, నాంగ్ యై అనే పెద్ద తోలుబొమ్మల ప్రదర్శన, సంప్రదాయ ఆయుధవిద్య, ఈ మూడింటి సమ్మేళనంనుండి ఖోన్ రూపొందిందని పండితుల అభిప్రాయం. 1767లో బర్మా సేనల చేతిలో అయుత్థయ ధ్వంసమైనప్పుడు పూర్వపు సాహిత్యంలో అధికభాగం నశించింది. బ్యాంకాక్ రాజధానిగా చక్రి వంశపాలనను స్థాపించిన మొదటి రామరాజు 1797లో రామకియెన్ రచనకు పూనుకొన్నాడు. ఆయన కుమారుడైన రెండవ రామరాజు అందులోని ఘట్టాలను నాట్యానికి అనుగుణంగా తీర్చాడు. శిథిలమైన రాజ్యాన్ని పునర్నిర్మించే కృషిలో కోటగోడలతోపాటు ఈ కావ్యం కూడా ఒక భాగమైనదని చెప్పవచ్చు. 1932లో రాజుల సంపూర్ణాధికారం ముగిసిన అనంతరం ఆస్థాన నాట్యబృందాలు ప్రభుత్వ లలితకళల శాఖ పోషణలోకి వచ్చాయి. 2018లో యునెస్కో ఖోన్‌ను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఖోన్ స్వభావాన్ని గ్రహించడానికి ‘నాంగ్ లోయ్’ ఘట్టం చక్కని ఉదాహరణ. నీటిపై తేలివచ్చిన స్త్రీ అని ఆ పేరుకు అర్థం. రావణుని ఆజ్ఞపై విభీషణుని కుమార్తె బెన్యకాయ్ సీత రూపం ధరించి, శవంవలె నదిలో తేలుతూ రాముని శిబిరం చెంతకు చేరుతుంది. రాముడు విలపిస్తాడు. హనుమంతుడు అనుమానించి ఆ శరీరాన్ని చితిపై ఉంచే ఏర్పాటు చేస్తాడు. మంటలకు తాళలేక బెన్యకాయ్ పొగతోపాటు ఆకాశానికి ఎగసిపోగా ఆయన ఆమెను పట్టి తెస్తాడు. వాల్మీకంలో ఇంద్రజిత్తు మాయాసీతను వధించే సన్నివేశం ఉన్నది గాని ఈ కథ లేదు. తర్వాత హనుమంతుడు బెన్యకాయ్‌ను వరించడం చూసి, బ్రహ్మచారి అయిన ఆంజనేయుని కొలిచే ప్రేక్షకుడు నొచ్చుకోవడం కూడా కద్దు. ఊర్మిళాదేవి నిద్రను తరతరాలుగా పాటగా పాడుకొన్న తెలుగువారికి మాత్రం వాల్మీకంలో లేని కథ అపచారంగా తోచనవసరం లేదు.

అయితే ఈ ఘట్టంలో ముఖ్యంగా గమనించవలసినది కథాభేదం కాదు, అభినయ పద్ధతి. సీత రూపం పొందిన బెన్యకాయ్ తన అందానికి తానే మురిసిపోతూ ‘చుయ్ చాయ్’ అనే నృత్యం చేస్తుంది. గాయని ఒక చరణం పాడి ఆపగానే, సన్నాయిని పోలిన ‘పీ’ అనే వాద్యం ఆ పలుకులనే అనుకరిస్తుంది. రూపం సీతది, మురిపెం రాక్షసకన్యది. ఇంతటి ద్వంద్వాన్ని ప్రదర్శిస్తున్నా నర్తకి ముఖంలో చలనం దాదాపుగా ఉండదు. రాముని విలాపంలోనూ అంతే. తల వంగుతుంది, ఎడమ అరచేయి నుదుటిని చేరుతుంది, చూపుడువేలు కంటికొనను తుడుస్తుంది. పూర్వం దేవతలకు, మానవులకు కూడా ముఖతొడుగులు ఉండేవి. ఇప్పుడవి ప్రధానంగా రాక్షస, వానర పాత్రలకే పరిమితమైనాయి. తొడుగు తొలగినా ఆ నిశ్చలత మాత్రం తొలగలేదు. పాత్రధారులు మాట్లాడరు. పద్యాలు, సంభాషణలు వేరే పాఠకులు పలుకుతారు.

కూచిపూడికి, భరతనాట్యానికి అలవాటుపడిన కన్ను భావాన్ని కనుబొమలలో, చూపులలో, పెదవులలో వెదకుతుంది. అక్కడ అది లభించకపోయేసరికి, వేషం గొప్పది గాని భావం శూన్యమనే నిర్ణయానికి వస్తుంది. ఈ నిర్ణయం సరియైనది కాదు. ఖోన్‌లో భావం మెడవంపులో, వెనుకకు వంగిన వేళ్ళలో, పైకి లేచిన పాదం తిరిగి నేలను తాకే వ్యవధిలో ఉంటుంది. ఒకరి గొంతు, మరొకరి దేహం, వాద్యబృందపు నాదం కలిసినచోట పాత్ర పుడుతుంది. ఒక్క ముఖాన్నే నమ్ముకొన్న ప్రేక్షకునికి అది కనిపించదు.

ఈ పద్ధతి వెనుక కఠినమైన శిక్షణ ఉంది. బాల్యంలోనే శరీరనిర్మాణాన్నిబట్టి విద్యార్థులను నాయకుడు, నాయిక, రాక్షసుడు, వానరుడు అనే నాలుగు తెగలుగా విభజిస్తారు. ప్రదర్శనకు ముందు వస్త్రాలను ఒంటిమీదనే బిగించి కుడతారు. శిష్యులు జరిపే గురుపూజకు ‘వై ఖ్రూ’ అని పేరు. ఖ్రూ అనేది మన గురుశబ్దమే. పూజ జరిపేది కూడా గురువారంనాడే. ఇక్కడ మళ్ళీ సామ్యం చూసి తృప్తిపడటం సులభం. కాని ఆ పూజాపీఠంపై ఋషి, దేవతల ముఖతొడుగులతోపాటు రాక్షసుల తొడుగులు కూడా కొలువుదీరి పూజలందుకొంటాయి. రావణపాత్రధారికి ఆ తొడుగు గురుస్వరూపమే. రావణదహనం చూస్తూ పెరిగిన ప్రేక్షకుడు ఆలోచించవలసిన విషయమిది.

సందర్శకులకు సులభంగా లభించే ప్రదర్శనలు ఇటువంటి అవగాహనకు అంతగా తోడ్పడవు. సంక్షిప్తం చేసిన ఖోన్‌లో సహజంగా యుద్ధానికే పెద్దపీట. శత్రువు తొడపై పాదం మోపి లేచి నిలిచే భంగిమ ఛాయాచిత్రాలకు అనువైనది. చియాంగ్ మైలో ఖన్‌తోక్ విందు ఆరగిస్తూ, ఇత్తడి గోళ్ళు ధరించిన నర్తకీమణుల మందగమన నృత్యాన్ని చూసే అతిథి దృష్టి సగం పళ్ళెంమీదనే ఉంటుంది. అయినా ఎందరో కళాకారులకు జీవిక కల్పిస్తున్న ఈ ప్రదర్శనలను తృణీకరించడం న్యాయం కాదు. వాటినే సమగ్రకళగా భావించడం పొరపాటు. బ్యాంకాక్‌లో 1956లో నెలకొల్పిన ఎరావాన్ బ్రహ్మ మందిరంవద్ద దృశ్యం వేరు. కోరిక తీరిన భక్తులు రుసుము చెల్లించి అక్కడ నాట్యం చేయిస్తారు. అది మొక్కుబడి. నర్తకులు దేవునికోసం ఆడతారు, చూసేవారు ఉన్నా లేకున్నా ఆ నాట్యం సాగుతుంది. ప్రేక్షకుని అభిరుచికోసం కుదించని నాట్యాన్ని సందర్శకుడు అక్కడ చూడవచ్చు.

ఈ చర్చ మన సాంస్కృతిక వినిమయానికి కూడా వర్తిస్తుంది. రాత్రుళ్ళు సాగిన కూచిపూడి కలాపాన్ని విదేశీ అతిథులముందు ఇత్తడి పళ్ళెంపై కొద్ది నిమిషాల తరంగంగా కుదించి చూపడం మనకు కొత్త కాదు. ఆ అతిథికి పళ్ళెం గుర్తుంటుంది, సత్యభామ గుర్తుండదు. మనవారు ఖోన్‌ను చూస్తున్నదీ ఇంచుమించు ఈ విధంగానే. రామకథ ఉభయదేశాల బంధమని సభలలో చెప్పుకోవడంతో తృప్తి చెందక, థాయ్ కళాబృందాలు ఇక్కడికి వచ్చినప్పుడు ఒక ఘట్టాన్నైనా సంపూర్ణంగా ప్రదర్శింపజేయడం, అంతకుముందు హస్తాభినయాన్ని సోదాహరణంగా వివరింపజేయడం, కథాసారాన్ని ప్రాంతీయ భాషలలో ముద్రించి ఇవ్వడం అవసరం. ఇవి ఎక్కువ వ్యయంతో కూడిన పనులు కావు.

ఈ విషయంలో అనుసరించదగిన ఆదర్శం ఒకటి మనకు ఉన్నది. 2006 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారాన్ని సంస్కృతానికి తొలిసారిగా తెచ్చిన సత్యవ్రత శాస్త్రి రామకియెన్ కథను ‘శ్రీరామకీర్తి మహాకావ్యం’ పేరిట సంస్కృతంలో రచించారు. థాయ్ కథను వాల్మీకంతో సరిదిద్దే ప్రయత్నం ఆయన చేయలేదు. వారి రామకథను వారిదిగానే స్వీకరించి, వాల్మీకి పలికిన భాషలో దానికి స్థానం కల్పించారు. ఖోన్ ఎదుట కూర్చునే భారతీయ ప్రేక్షకుడు అంత పాండిత్యం సంపాదించనక్కరలేదు. కథను గుర్తుపట్టిన తర్వాత కూడా చూస్తూ ఉండగలిగితే చాలు.