నిధి పద్యం: పెట్టె దొరికినవాడిదేనా అర్థం?

ఒక పద్యానికి అర్థం ఇదీ అని తేల్చేది ఎవరు? రాసిన కవా, చదివిన పాఠకుడా, వ్యాఖ్యానించిన విమర్శకుడా? మన సభల్లో ఎన్నో సార్లు వచ్చే ఈ ప్రశ్నకు అమెరికాలో పదేళ్ళపాటు ఒక నాల్గో జవాబు చలామణి అయింది: పెట్టె దొరికినవాడు. వినడానికి వేళాకోళంగా ఉన్నా, ఈ జవాబును పరిశీలించడం మనకు అవసరమని నా అభిప్రాయం. పద్యాన్ని పెట్టెగా చూసే అలవాటు మన విమర్శలోనూ లేకపోలేదు.

ముందు విషయం. ఫారెస్ట్ ఫెన్ అమెరికా వైమానిక దళంలో పైలట్‌గా వియత్నాం యుద్ధంలో పాల్గొన్నవాడు. తర్వాత న్యూమెక్సికో రాష్ట్రంలోని శాంటా ఫేలో కళాఖండాలు, పురావస్తువుల వ్యాపారం చేసి ధనవంతుడయ్యాడు. 1988లో కాన్సర్ అని తెలిసినప్పుడు, బంగారంతో నింపిన ఒక కంచు పెట్టెతో సహా తనకిష్టమైన చోటికి వెళ్ళి చనిపోవాలనుకున్నాడు. చనిపోలేదు. దాదాపు 80 ఏళ్ళ వయసులో ఆ పెట్టెను రాకీ పర్వతాల్లో దాచి, 2010లో ‘ది థ్రిల్ ఆఫ్ ది చేజ్’ అనే స్వీయకథ అచ్చు వేశాడు. అందులో 24 పంక్తుల పద్యం ఒకటి. దానిలో తొమ్మిది ఆనవాళ్ళున్నాయని, వాటిని వరసగా పట్టుకుంటే పెట్టె దొరుకుతుందని ప్రకటించాడు. లక్షలమంది వెతికారని ఆయన అంచనా. అయిదుగురు ఆ కొండల్లో, నదుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2020 జూన్‌లో పెట్టె దొరికింది. దొరికింది వయోమింగ్ రాష్ట్రంలో అని మాత్రం చెప్పి, ఆ సెప్టెంబరులో ఫెన్ 90వ ఏట చనిపోయాడు. దొరికించుకున్న వైద్య విద్యార్థి చోటు ఎక్కడో చెప్పనన్నాడు. చెబితే జనం ఎగబడి ఆ స్థలం పాడవుతుందని ఆయన కారణం.

వివాదం ఇక్కడ మొదలైంది. పద్యంలో నీటి గురించిన మొదటి ఆనవాలు వేడినీటి బుగ్గల గురించా, ఆనకట్ట కింద చల్లబడే నది గురించా, చేపలవేట నిబంధనల్లో గీసిన హద్దు గురించా? పెద్దక్షరంతో రాసిన ‘బ్రౌన్’ అనే మాట మనిషి ఇంటిపేరా, ఆ పేరున్న చేపా? (మన లిపిలో పెద్దక్షరాలు లేవు కనక మన కవులకు ఈ చిక్కు లేదు!) పెట్టె దొరికాక కూడా ఇవి తేలలేదు. తన సమాధానాన్ని ఎవరో దొంగిలించారని కోర్టుకెక్కినవారున్నారు. సమాధానం ప్రకటించనంత వరకు ఏ అర్థమైనా ఒకటేనని కొందరు, పెట్టె దొరికింది కనక ఇక పద్యంతో పని లేదని కొందరు.

ఈ రెండు వాదాలూ తప్పే. పెట్టె దొరకడం స్థలాన్ని రుజువు చేస్తుంది గాని, పఠనాన్ని రుజువు చెయ్యదు. దొరికించుకున్నాయన తన మాటల్లోనే, ఫెన్ అనే మనిషి ఎలాంటివాడు, ఎక్కడ చనిపోవాలనుకున్నాడు అన్నది పట్టుకుని వెళ్ళానన్నాడు. అంటే పద్యం కన్న కవి జీవితచరిత్ర ఎక్కువ పనిచేసిందన్న మాట. ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ ఇంగ్లండులో ఉంది. 1979లో కిట్ విలియమ్స్ ‘మాస్కరేడ్’ అనే బొమ్మల పుస్తకంలో ఒక బంగారు కుందేలు ఎక్కడున్నదో గుప్తపరిచాడు. 1982లో దాన్ని తీసుకుపోయినవాడు పుస్తకం విప్పి తీసుకుపోలేదు. రచయిత మాజీ స్నేహితురాలి ద్వారా పొక్కిన కబురు అతనికి దారి చూపిందని 1988లో ‘సండే టైమ్స్’ బయటపెట్టింది. పుస్తకాన్ని సరిగ్గా విప్పినవాళ్ళు ఇద్దరు ఫిజిక్సు మాస్టర్లు. వాళ్ళకు కుందేలు దక్కలేదు. అర్థం ఒకరిది, ఆస్తి మరొకరిది! ఆస్తి ఎవరికి దక్కితే అర్థం కూడా వారిదేనన్నది మార్కెట్టు నీతి. సాహిత్యనీతి కాదు.

పెట్టె దొరికింది కనక పద్యం పని అయిపోయిందనడమూ పొరపాటే. పద్యంలోని మాటల్లో ఎన్నిటిని కలుపుకొస్తుంది, బయటి సాయం ఎంత తక్కువ తీసుకుంటుంది, పంక్తుల వరసను ఎంత గౌరవిస్తుంది - ఈ మూడు గీటురాళ్ళ మీద ఏ వ్యాఖ్యనైనా తూచవచ్చు. కాబట్టి అన్ని అర్థాలూ ఒకటేనన్నది కూడా నిలవదు. అక్షరాలను తారుమారు చేసి అంకెలుగా మార్చి పటం మీద గీతలు గీసినవాళ్ళ వ్యాఖ్యలు ఈ పరీక్షలో ఓడతాయి. నీటిని నీటిగా, లోయను లోయగా చదివినవాళ్ళవి కొంతదూరం నిలుస్తాయి.

మన లాక్షణికులు ఇలాంటి రచనను ఎరగనివారు కారు. దండి ‘కావ్యాదర్శం’లో పదహారు రకాల ప్రహేళికలు చెప్పి వాటికి మూడు ప్రయోజనాలు చూపాడు: గోష్ఠిలో వినోదం, జనం మధ్య తెలిసినవాళ్ళు రహస్యంగా మాట్లాడుకోవడం, ఎదుటివాణ్ణి తికమకపెట్టడం. ఆనందవర్ధనుడయితే చిత్రరచనను అసలు కావ్యమే కాదు, కావ్యానికి అనుకరణ అన్నాడు. మన పల్లెల్లోని పొడుపుకథ మొదటి ప్రయోజనం కోసం పుట్టింది. దాని జవాబు ఊరందరి సొత్తు. విప్పలేనివాడికి విప్పి చెప్పడం పొడుపుకథ మర్యాద. ఫెన్ పద్యం పొడుపుకథ రూపాన్ని తీసుకుని ఆ మర్యాదను తీసివేసింది. జవాబు ఒక్కడిది. మిగతా లక్షలమంది ఓడినవాళ్ళు. వెతికేవాళ్ళు కలిసి చర్చించుకున్నారు నిజమే, కాని అసలు మాట దగ్గరికి వచ్చేసరికి ఎవరికి వారు నోరు కట్టుకున్నారు. సామూహిక పఠనం వ్యక్తిగత ఆస్తిగా మారే క్రమం ఇంత నగ్నంగా మరెక్కడా కనిపించదు.

2008 సంక్షోభం తర్వాత దిగులుపడిన జనానికి ఆశ కల్పించాలనుకున్నానని ఫెన్ చెప్పుకున్నాడు. ఉద్యోగం పోయినవాడికి ఇచ్చిన ఆశ ఏమిటి? సంఘం కాదు, పోరాటం కాదు, ఒక్కడే తవ్వుకోగల గొయ్యి. పాత గుళ్ళ కింద, కోటల కింద గుప్తనిధుల కోసం రాత్రిపూట పలుగుపారలు పట్టే మనవాళ్ళను అమ్ముకునే మంత్రగాళ్ళు మనకు తెలుసు. 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలపాలి. అక్కడ మంత్రగాడి స్థానంలో కవి ఉన్నాడు. తేడా అంతే. యెల్లోస్టోన్ పార్కులోని పాత శ్మశానంలో ఈ నిధి కోసం తవ్విన ఒకతనికి 2021లో ఆరునెలల జైలు పడింది.

శ్మశానం మాట వచ్చింది కనక, పద్యంలో లేనిదాన్ని కూడా చదవాలి. రాకీ పర్వతాలు ఎవరివి? షోషోన్, క్రో మొదలైన తెగల ప్రజలు తిరిగిన నేల అది. పద్యంలో వాగులున్నాయి గాని మనుషులు లేరు. నేల ఖాళీ, వచ్చినవాడిది. శాంటా ఫే దగ్గర శాన్ లాజరో అనే పాత ప్యూబ్లో గ్రామ శిథిలాలున్న భూమిని ఫెన్ కొని తవ్వించాడు. పురావస్తువుల అక్రమ వ్యాపారం మీద దర్యాప్తులో 2009లో ఎఫ్.బి.ఐ. ఆయన ఇల్లు సోదా చేసింది. ఆయన మీద కేసు పెట్టలేదు. నేను ఎత్తి చూపేది నేరం కాదు, దృష్టి. నేలను ఎవరో పాతిపెట్టిన వస్తువుల గిడ్డంగిగా చూసే దృష్టే ఆ పద్యానికి వస్తువు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. డ్రైవర్లు, మెకానిక్కులు, గృహిణులు, రిటైరయినవాళ్ళు ఒక పద్యాన్ని పదేళ్ళపాటు మాటమాటా కంఠస్థం చేసి, ఒక విభక్తి గురించి రాత్రంతా వాదించుకున్నారు. మన పద్యాల్లో దేనికి ఈ భాగ్యం పట్టింది? సామాన్యుడికి కవిత్వం అక్కర్లేదనేవారికి ఇది జవాబు. తన జీవితం పణంగా ఉన్నదనుకుంటే సామాన్యుడు ఏ పండితుడికీ తీసిపోకుండా చదువుతాడు. ఆ పణం బంగారమే కావడం ఆ సమాజపు దారిద్య్రం.

ఇక మన సంగతి. మనలో కొందరు మిత్రులు కవితను చేతికి తీసుకోగానే ‘ఇంతకూ ఏం చెప్పాడు?’ అని అడుగుతారు. ‘వర్గ చైతన్యం’ అనో ‘ఆశావాదం’ అనో ఒక్క మాట దొరకగానే గొయ్యి పూడ్చి వెళ్ళిపోతారు. ఇది పెట్టె కోసం తవ్వడమే. మరికొందరు కవులు, అర్థం కాకపోవడమే లోతు అనుకుని, చెప్పదలచిన దాన్ని పాతిపెట్టి పైన ఆకులు కప్పుతారు. ఇది పెట్టె దాచడమే. ‘అస్పష్టత’ మీద మనం దశాబ్దాలుగా చేస్తున్న వాదనలో ఈ రెండు పక్షాలూ ఒకే నమ్మకం మీద నిలబడ్డాయి: అర్థం పద్యం కింద ఎక్కడో ఉంటుంది, పద్యం దాని మూత. కాదు. పద్యంలోని నడక, కోపం, మాటల మధ్య ఘర్షణ, వాటిని విన్న మనిషిలో కలిగే కదలిక - ఇదంతా కలిపి అర్థం. వస్తువును రూపం నుంచి తవ్వి తీస్తే మిగిలేది నినాదం. నినాదం చెడ్డదని కాదు. దానికి గోడ చాలు, పద్యం అక్కర్లేదు.

ఆ పెట్టెలోని సొత్తు 2022 డిసెంబరులో వేలం పాటలో విడివిడిగా అమ్ముడై సుమారు 13 లక్షల డాలర్లు పలికింది. అందులో ఒక చిన్న గాజుసీసా 48,000 డాలర్లకు పోయింది. దానిలో ఉన్నది ఫెన్ సన్నటి అక్షరాల్లో అచ్చువేసి చుట్టిపెట్టిన ఆత్మకథ. ఒక మనిషి జీవితాన్ని చదవడానికి గాక దగ్గర పెట్టుకోవడానికి కొన్నారు. రచన సరుకుగా మారడానికి ఇంతకన్న నిదర్శనం అక్కర్లేదు.

మనం పాఠకుడి చేతికి ఇచ్చేది విప్పి అందరి ముందు పెట్టగలిగిన రచన కావాలి. ఒకడు విప్పితే మరొకడికి తరగనిది, పదిమంది విప్పితే పెరిగేది. విమర్శకుడి పని పెట్టె ఎక్కడుందో చెప్పడం కాదు. ఆ దారిలో ఎవరి నేల మీద నడుస్తున్నామో పాఠకుడికి గుర్తుచేస్తూ కలిసి నడవడం.