అబ్బాయికి బుర్ర, అమ్మాయికి కష్టం

లెక్కల్లో ఇద్దరికీ 90 మార్కులే వస్తాయి. అబ్బాయి తండ్రి "మావాడి బుర్ర పాదరసం మిస్" అంటాడు. అమ్మాయి తండ్రి "పాపం, రాత్రీపగలూ కూచుని చదివింది" అంటాడు. రెండూ మెచ్చుకోళ్లే. తమిళనాడులోని కావేరిపట్టణంలో సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పే నాకు మాత్రం రెండింటి మీదా కోపమే.

మొన్న వర్గ సమీకరణాలు చేయిస్తున్నాను. కూడితే 7, గుణిస్తే 12 వచ్చే సంఖ్యలేవి? ఒకమ్మాయి చూడగానే 3, 4 అని రాసి, వెంటనే రబ్బరుతో చెరిపేసి, అర పేజీ సూత్రంతో మళ్లీ అక్కడికే వచ్చింది. ఎందుకు చెరిపావంటే, "ఊరికే తోచింది మిస్, అది లెక్క కాదేమో అనుకొంటిని" అంది. తనకు తోచింది కూడా గణితమేనని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

పక్క వరసలో అబ్బాయి జవాబు ఒక్కటే రాశాడు, స్టెప్పులు లేవు. పబ్లిక్ పరీక్షలో మార్కులు పోయేది అక్కడే. అంతకంటే పెద్ద చిక్కు, అర్థం కాకపోయినా వాడు నోరు తెరవడు. బుర్ర ఉందని పేరు పడ్డవాడు అందరిముందూ ఎలా అడుగుతాడు? పరీక్ష తప్పితే "బుర్ర ఉంది, ఒళ్లు వంచడు" అంటారు. ఆరో తరగతి భిన్నాల దగ్గరే వాడు ఆగిపోయాడేమో చూసేవాళ్లుండరు.

ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో ఐదేళ్ల పరీక్షల ఫలితాలు తీసి కార్తీక్ మురళీధరన్, కేత్కీ షేత్ 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. పై తరగతులకు వెళ్లేకొద్దీ ఆడపిల్లలు లెక్కల్లో వెనకబడుతున్నారని అందులో తేలింది. టీచరమ్మ చెప్పిన తరగతుల్లో ఆ తేడా తగ్గింది, మగపిల్లలకు నష్టమూ కలగలేదు. పుట్టుకతోనే రాని విద్య అయితే, చెప్పే మనిషి మారినంత మాత్రాన వస్తుందా? 2010లో హైదరాబాద్‌లో జరిగిన ప్రపంచ గణిత మహాసభలో ప్రధానోపన్యాసం చేసినవారిలో మన తమిళనాడులోనే పుట్టిన మహిళా గణితవేత్త రామన్ పరిమళ ఒకరు. ఈ సంగతి నా పిల్లలకు ఏటా చెబుతాను.

ఆ రబ్బరు పిల్ల వాళ్లమ్మ మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీకి పోతుంది, వీధిలో చీటీ నడుపుతుంది. 20 మంది, తలకు నెలకు 1,000. ఒకరు 4,000 తగ్గించి పాడుకుంటే ఒక్కొక్కరు ఎంత కట్టాలి? కాగితం ముట్టకుండా "తలా 800" అంటుంది. 3,700కు పాడినా అంతే వేగం: 815. అదే మనిషి నా దగ్గరికొచ్చి, "నాకు లెక్కలు రావు మిస్, దీనికీ నా పోలికే. పదకొండులో ఫస్ట్ గ్రూపు వద్దు, కామర్స్ చాలు" అంది.

కామర్స్ ఇష్టపడి తీసుకుంటే నాకూ సంతోషమే. కానీ లెక్కలు రావనుకుని తీసుకోనివ్వను. వచ్చే నెల చీటీ పాట నా ట్యూషన్ గదిలోనే పెట్టుకోమన్నాను, పిల్లలందరూ ఉన్నప్పుడు. ఆమె నోటిలెక్క చెప్పాలి, అమ్మాయి బోర్డు మీద స్టెప్పులు రాయాలి, అర్థం కానిచోట ఆ అబ్బాయి చెయ్యెత్తాలి.