రబ్బీ దావీదు యాత్రాగ్రంథము: ఆహారనియమము, ఆనవాళ్లు

చెన్నపట్టణమున 1832వ సంవత్సరమున నొక యూదమతాచార్యుడు తన యాత్రావృత్తాంతము నాంగ్లభాషలో వ్రాసి ముద్రింపించెను. అతడు రబ్బీ దావీదు దె బెత్ హిల్లేలు. లిథువేనియా దేశమునుండి వచ్చి గలిలయలోని సఫదు పట్టణమున స్థిరపడినవాడు. 1824లో నచ్చటినుండి వెడలి సిరియా, కుర్దిస్థానము, బాగ్దాదు, పారసీకము, బొంబాయి, కొచ్చి మున్నగు ప్రదేశములను జూచుచు జెన్నపట్టణము చేరెను. ఆ గ్రంథము వెలువడుటకు ముందటి యేడు, 1831 సెప్టెంబరు 3వ తేదిని, ఆ పట్టణమునకే ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర ముగించుకొని మరలి వచ్చెను. వీరాస్వామయ్య లేఖలను కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల 1838లో నచ్చువేయించెను. దిగవల్లి వేంకటశివరావు 1941లో మరల బ్రకటించెను. ఈ గ్రంథము నెఱుగని తెలుగు పండితు డుండడు. దావీదు గ్రంథమును మాత్రము 1973లో వాల్టరు ఫిషెలు న్యూయార్కున బరిష్కరించి ప్రకటించువఱకు దలచినవారే తక్కువ. ఒకే నగరమున, ఇంచుమించు నొకే కాలమున బుట్టిన యీ రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన నుంచి చదువుట యుక్తము.

భాషావిషయమున రెండును పండితుల మెప్పు పొందదగినవి గావు. వీరాస్వామయ్య సుప్రీంకోర్టు దుబాసీ. అతని తెలుగు చెన్నపట్టణపు వ్యవహారమున మెలగిన తెలుగు, హిందూస్థానీ, అరవ, ఆంగ్లపదముల కలగూర. దావీదు ఆంగ్లము పరభాషగా నేర్చినవాడు, వాక్యములు తడబడును. అయినను ఇరువురును కావ్యవర్ణనల జోలికి బోక కన్నది కన్నట్లు, విన్నది విన్నట్లు వ్రాసిరి. నదులు కనబడినంతనే ప్రబంధఫక్కిని వర్ణింపసాగినచో వీరాస్వామయ్య గ్రంథమునకు నేటి విలువ యుండెడిది కాదు. దావీదు తన పుస్తకమునకు హెబ్రీ, అరబ్బీ, పారసీక, హిందూస్థానీ, ఆంగ్లపదముల పట్టిక నొకదానిని జేర్చుట గూడ నీ వ్యవహారబుద్ధికి దార్కాణము.

యాత్రికునకు ఆహారనియమము ప్రతిబంధకమనియు, దానిచే దృష్టి సంకుచితమగు ననియు ననేకులు తలంతురు. ఈ గ్రంథములు చదివిన పిదప ఆ యభిప్రాయము నిలువదు. వీరాస్వామయ్య సుమారు నూరుమంది పరివారముతో 1830 మే 18వ తేదిని బయలుదేరెను. మజిలీ మజిలీకి నీళ్లెట్టివి, బ్రాహ్మణుల యిండ్లు కలవా, అంగళ్లలో నేయే పదార్థములు దొరకును, బాట యెట్టిది యని విచారించి వ్రాసెను. ఆ విచారణకు మూలము వంట. నూరుమందికి మడికి లోపము రాకుండ నన్నము పెట్టవలసినవాడు గనుకనే ఆ దేశపు టార్థికస్థితి యతని లేఖలలో నిలిచిపోయెను.

యూదధర్మమున గిట్టలు చీలి నెమరువేయు జంతువులే భోజ్యములు. మత్స్యములలో రెక్కలును బొలుసులును రెండును గలవి మాత్రమే తినదగినవి. వధ విధి నెఱిగినవాడు చేయవలెను. మాంసమును బాలను గలుపరాదు. వాని పాత్రలును వేఱు. ఈ విధికి లోబడిన యాహారమును కోషరు అందురు. శనివారమున బ్రయాణము నిషిద్ధము. ఇట్టి కట్టుబాటు గలవాడు క్రొత్త యూరు చేరగనే ముం దడుగు ప్రశ్న "ఇచ్చట మనవా రున్నారా?" యనునదియే. కావుననే దావీదు పోయిన ప్రతి పట్టణమునను యూదకుటుంబము లెన్ని, ప్రార్థనామందిరము లెన్ని, వారి వృత్తి యేమి, వా రాడు భాష యేది యని లెక్కవ్రాసెను. 12వ శతాబ్దమున తుదేలా బెన్యామీను చేసిన పని యిదియే. ఆకలి వేసినవాని విచారణ గనుక నిందు గల్పన తక్కువ.

ఇచ్చట నొక భేదము గమనింపదగినది. మడి ప్రధానముగ మనుష్యుని శరీరస్థితి ననుసరించును. ఎవడు వండెను, ఎట్టి వస్త్రము ధరించి వండెను అనునది ముఖ్యము. కోషరు ప్రధానముగ వస్తువును, పాత్రను అనుసరించును. ద్రాక్షారసము మొదలగు కొన్నిటియెడ, వంట విషయమునను, ఎవరు చేసిరి యను విచారము యూదులకును గలదు. కాని మూలము వస్తువే. అందుచే మన శాకాహార భోజనశాల యూదయాత్రికునకు సగము దారి సుగమము చేయును గాని పూర్తిగా జేయదు. ఆకుకూరలో బురుగున్నచో నతనికి నిషిద్ధము. తెలుగు గృహిణి చేటలో బియ్యము పోసి యేరుటయు, గోంగూర నాకు ఆకునకు ద్రిప్పి చూచుటయు నతనికి స్వధర్మము వలెనే తోచును!

దావీదు గ్రంథమున దోషము వేఱొకచోట గలదు. ఇశ్రాయేలీయుల పండ్రెండు గోత్రములలో బదింటిని అస్సీరియనులు క్రీ.పూ. 8వ శతాబ్దమున జెదరగొట్టిరి. వారి సంతతి యెచ్చటనో దాగియున్నదని యూదుల నమ్మకము. దావీదు దానిని మనసున నిడుకొనియే తిరిగెను. తనవారి యిండ్లు లెక్కించునపుడు సాక్షియైనవాడు, అన్యుల యాచారములలో దనవారి పోలికలు వెదకునపుడు న్యాయవాది యగుచున్నాడు. హిందువుల పూజలలో బ్రాచీనేశ్రాయేలీయుల విగ్రహారాధన ఛాయలను జూచుట యిట్టిది. వెదకువానికి వెదకినదే కనబడును.

పోలికలు నమ్మదగిన వెప్పుడు? కొంకణతీరపు బెనె ఇశ్రాయేలుల వృత్తాంత మిందు కుపకరించును. వారు నూనెగానుగ లాడించి బ్రదికినవారు. శనివారమున గానుగ నాపుటచే శనివారపు తేలీలని పేరు పడిరి. దావీదు రహాబి యను యూదుడొకడు వచ్చి వారి స్త్రీలకు గొన్ని చేపల నిచ్చి వండుమనెననియు, వారు రెక్కలు పొలుసులు లేనివానిని దీసివేసి వండిరనియు, అంతట నతడు వారిని దనవారిగా గుర్తించె ననియు నైతిహ్యము. ఇది క్రీ.శ. వేయి ప్రాంతపు మాటయని కొందరు, 18వ శతాబ్దపుదని పరిశోధకులు పలువురు తలంతురు. కథ యందమైనది; కాని చేప యొక్కటియే లక్షణమైనచో నతివ్యాప్తి తప్పదు. పొలుసులేని వాలుగను ముట్టని కుటుంబ మాంధ్రదేశమున నుండినంతమాత్రమున నది యిశ్రాయేలు వంశము గాజాలదు. బెనె ఇశ్రాయేలులయెడ చేపతోపాటు శనివారవిరామము, సున్నతి, హెబ్రీ ప్రార్థనాశకలము ఒక్కచోట గూడియున్నవి. ఆ కూడిక కుదిరినందుననే వారియెడ పోలికకు బలము గలిగినది.

ఈ విచారము తెలుగువారికి దూరపుది గాదు. గుంటూరుజిల్లా చేబ్రోలు చెంతనున్న కొత్తరెడ్డిపాలెమున మాదిగ కులమునకు జెందిన కొన్ని కుటుంబములు, పూర్వము బాప్టిస్టు క్రైస్తవులుగ నుండినవారు, తాము ఎఫ్రాయీము గోత్రసంతతివారమని ప్రకటించి 1991లో బ్రార్థనామందిరమును నెలకొల్పుకొనిరి. బెనె ఎఫ్రాయీము అని వారి పేరు. శనివారము పాటింతురు, హెబ్రీ నేర్తురు. వారిలో షమూయేలు యాకోబి 2002లో నొక యాంగ్లగ్రంథమున నీ వాదమును విపులముగ సమర్థించెను. విదేశ యూదయాత్రికులు కొచ్చిలో 1568 నాటి పరదేశి ప్రార్థనామందిరమును జూచినట్లే యీ పల్లెను గూడ వచ్చి చూచుచున్నారు. యూలియా యెగొరోవా, షహీదు పర్వేజులు వీరినిగూర్చి 2013లో బ్రకటించిన గ్రంథమున, వంశము నిజమా కాదా యను తీర్పునకు బూనక, కులపీడనము ననుభవించినవారికి ఈ వాదమువలన నేమి సమకూరుచున్నదని యడిగిరి. అది యోగ్యమైన ప్రశ్న.

అయినను తెలుగు పండితుడు వేఱొక ప్రశ్న వేయక తప్పదు. ఈ వాదమునకు జూపు నాధారములలో దెలుగు హెబ్రీపదముల పోలిక యొకటి. ధ్వనిసామ్యమాత్రమున భాషాబాంధవ్యము సిద్ధింపదు. 1816లో చెన్నపట్టణముననే ఎల్లిసు దొర, క్యాంబెలు తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో, ధాతువులను వరుసగ బోల్చి చూపి దక్షిణభాషల సంబంధమును నిరూపించెను. మార్గమది. ఒక్క పదము కలిసినచో నది వర్తకము వలన నైనను గలియవచ్చును. హెబ్రీలో నెమలికి గల తుక్కి యను పేరు దక్షిణభాషనుండి పోయినదని పలువురు పండితుల మతము. అరవమున తోకై, మన తోక యిదియే. సొలొమోను నోడ లెక్కిపోయిన పదము వంశవృక్షమును దేజాలదు!

గోమాంసభోజన మింకొక యాధారము. ఇచ్చట తీసివేయబడుచున్నది మాదిగల సొంత పురాణము. ఆ కులమువారు కృష్ణ కుత్తరమున ఓరుగంటి సీమయందును గలరు. 2024లో బద్మశ్రీ నందిన చిందుయక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య జనగామ జిల్లావాడు. పూర్వము వరంగల్లు జిల్లాలోనిదై 2016 నుండి జనగామ జిల్లాలో జేరిన రఘునాథపల్లి మండలమునకు నతని పల్లె దూరము గాదు. చిందువారును డక్కలివారును మాదిగలకు జెప్పు జాంబపురాణమున జాంబవంతుడు భూమికంటె ముందు పుట్టినవాడు. కామధేనువును వధించి వండిన కథ గలదు. ఆ కులమున కాహారమును, పడిన నిందయు నెట్లు వచ్చెనో యందు జెప్పబడును. అనగా నొకే యాచారమునకు రెండు వ్యాఖ్యానము లున్నవి. ఒకటి పల్లెలో దరతరములుగ బాడుచున్నది. మఱియొకటి 20వ శతాబ్దాంతమున వెలసినది. కొత్తవ్యాఖ్యానము చేసికొను హక్కు కొత్తరెడ్డిపాలెమువారికి లేదనువా డెవడు? బ్రాహ్మణవంశములు ఋషిగోత్రములను జెప్పుకొనునపు డెవ్వడు సాక్ష్య మడిగెను? వారు పాటించు శనివారము నేటి శ్రద్ధ. దానికి బురాతనత్వముతో బనిలేదు. కాని వచ్చు యాత్రికుడు హెబ్రీ యానవాళ్లను మాత్రమే యడిగి జాంబవంతుని కథ నడుగకపోవుట దావీదుకు బట్టిన దోషమే. వీరాస్వామయ్యయు నీ విషయమున నిర్దోషి గాడు. బ్రాహ్మణుల యిండ్లు లెక్కించిన యాతని కలము మాదిగవాడల లోనికి బోలేదు.

తెలుగుదేశమున యూదులకు నిజముగ సంబంధించిన స్థలములు వెదకువానికి గల్పన యక్కఱలేదు. 17వ శతాబ్దమున లండను యూదవర్తకులు మధ్యధరాసముద్రపు బగడములను లివోర్నో రేవునుండి తెప్పించి చెన్నపట్టణమునకు బంపి, వానికి మారుగా గోలకొండ సీమ వజ్రములను గొనిపోయిరి. కృష్ణాతీరమున కొల్లూరు గనులు వాని పుట్టిల్లు. ఆ వర్తకమునకై వచ్చిన జాక్ ద పైవా 1687లో చెన్నపట్టణమున మరణించెను. మఱుసటి యేడు స్థాపితమైన పురపాలకసభలో మువ్వురు హెబ్రీయ వర్తకులకు స్థానము కలిగెను. తెలుగు స్త్రీల మెడలలో దవడముల నడుమ బగడము వ్రేలాడుటకు ఈ వర్తకమును గొంత కారణము.

సర్మదు వృత్తాంతము దీనికంటె విలువైనది. కాషాను పట్టణమున యూదకుటుంబమున బుట్టి, ఇస్లామును స్వీకరించి, పారసీకకవియై, దిగంబరుడై తిరిగిన యతడు గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా కాలమున హైదరాబాదున నుండెను. దబిస్తాను గ్రంథకర్త యతని నచ్చటనే 1647లో గలిసికొని, యూదమతమును గూర్చిన యధ్యాయమున కతనినే యాధారము చేసికొనెను. సర్మదు శిష్యుడు అభయచందు అను హిందువు; అతడు తోరాలోని యాదిభాగమును బారసీకమున కనువదింపగా గురువు దిద్దెను. ఆ యనువాద మా యధ్యాయమున నిలిచియున్నది. సర్మదును 1661లో ఢిల్లీయందు ఔరంగజేబు చంపించెను. గోలకొండకు రాదలచిన యూదయాత్రికు డా యధ్యాయమును జదివి వచ్చుట మేలు. కోట చూపువారిలో సర్మదు పేరు చెప్పువాడు దొరకుట యరుదు.