కాలెముకతో కట్టిన దవడ

నోటి క్యాన్సర్‌కు దవడ తీసేశాక మిగిలే ఖాళీని పూడ్చే సర్జన్లంటే నాకు మహా గౌరవం. గడ్డను కోసినవాళ్ల పేరే బంధువులకు గుర్తుంటుంది. మళ్లీ ముద్ద నమిలేలా చేసినవాళ్లు తెర వెనకే ఉండిపోతారు.

1979లో స్టీఫన్ ఆరియన్ అనే సర్జన్ ఛాతీ కండరాన్ని చర్మంతో సహా, రక్తనాళం తెగకుండా, మెడ మీదుగా నోటి దాకా తిప్పే పద్ధతిని వివరించారు. ఖర్చు తక్కువ, మైక్రోస్కోపు అక్కర్లేదు. మన దేశంలో ఇప్పటికీ ఎందరినో ఆదుకుంటోంది. మగవాళ్లకు బుగ్గ లోపల ఛాతీ వెంట్రుకలు మొలవడం కూడా ఉంటుంది, అది వేరే సంగతి!

అసలు పనితనం మోకాలి కింద బయటివైపు ఉండే సన్నటి ఎముక, ఫిబులాతో కనిపిస్తుంది. ఒంటి బరువులో అది మోసేది కొంచెమే. మోకాలి దగ్గరా చీలమండ దగ్గరా కొంత వదిలి, నడిమి భాగాన్ని దాని రక్తనాళాలతో సహా తీస్తారు. నిటారు ఎముక దవడలా వంగదు కదా. వడ్రంగి మూల కలిపినట్టు ఏటవాలుగా కోసి, ముక్కలను టైటానియం ప్లేటుతో బిగిస్తారు. ఆపైన మైక్రోస్కోపు కింద, రెండు మూడు మిల్లీమీటర్ల నాళాలను మెడలోని నాళాలకు వెంట్రుక కన్నా సన్నని దారంతో కుడతారు.

ఆ రాత్రి భారం నర్సుది. ఎముకతో పాటు తెచ్చి అతికిన చర్మం రంగు, వెచ్చదనం గంటగంటకూ చూడాలి. సూదితో గుచ్చితే ఎర్రటి రక్తం వచ్చిందా, నిశ్చింత. చర్మం నీలం తిరిగి నల్లటి రక్తం వస్తే సిర మూసుకుపోతోందని అనుమానించి సర్జన్‌ను నిద్రలేపాల్సిందే. తెల్లారేదాకా ఆగితే ఆ ముక్క చచ్చిపోవచ్చు. పొద్దున రౌండ్స్‌లో మెచ్చుకోలు మాత్రం సర్జన్‌కే.