దుర్యోధనుడికి స్వర్గమెందుకు?

భారతం విన్నవాళ్ళలో చాలామందికి కథ ధర్మరాజు పట్టాభిషేకంతో అయిపోయినట్టే. ఆ తర్వాత ఏం జరిగిందని అడిగితే చివరి ప్రయాణంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్క సంగతి చెప్తారు, అక్కడితో సరి. వ్యాసుడు దాచిపెట్టుకున్న అసలు దెబ్బ ఆ కుక్క తర్వాతే ఉంది.

ద్రౌపదీ తమ్ముళ్ళూ ఆ ప్రయాణం దారిలో ఒక్కొక్కరే రాలిపోయాక ధర్మరాజు బొందితో స్వర్గం చేరాడు. అక్కడ మొదట కనబడినవాడు దుర్యోధనుడు. దేవతల నడుమ, గద్దె మీద, సూర్యుడిలా వెలిగిపోతున్నాడు. నా వాళ్ళేరీ అంటే దేవదూత ఒక చీకటి దారిన తీసుకెళ్ళాడు. నెత్తురు బురద, ఈగలు, కుళ్ళిన శవాల కంపు. వెనక్కి తిరగబోతే చీకట్లోంచి గొంతులు: కాసేపు ఆగు, నీ మీంచి వచ్చే గాలికి మా బాధ తగ్గుతోంది అని. ఎవరు మీరంటే ఒకడు కర్ణుణ్ణన్నాడు, ఒకడు భీముణ్ణన్నాడు, ద్రౌపదినని ఒక ఆడగొంతు. ధర్మరాజు దేవతలను, చివరికి ధర్మాన్ని కూడా తిట్టిపోసి, నేనిక్కడే ఉంటాను, నువ్వు పో అన్నాడు.

అప్పుడు ఇంద్రుడు దిగివచ్చాడు. ఇదంతా మాయ అన్నాడు. అశ్వత్థామ చచ్చాడని ద్రోణుణ్ణి నమ్మించావు కాబట్టి నీకూ మాయతోనే నరకం చూపించామన్నాడు. ధర్మరాజు సంగతి అలా తేలింది. మరి దుర్యోధనుడి మాటేమిటి?

బుక్కపట్నం, పెనుకొండ, హిందూపురం సీమవాళ్ళు దీనికి జవాబు గ్రంథాల్లో వెతకనక్కర్లేదు. రాయలసీమలోనూ, పక్కన కన్నడ నాట కూడా ఊళ్ళ వెలుపల నిలబడి ఉన్న వీరగల్లుల్లో, అంటే పోరులో పడ్డ వీరుల గుర్తుగా నిలిపిన రాళ్ళలో, మూడంతస్తులవి చూడండి. వాటిని కింది నుంచి పైకి చదవాలి. కింద పోరాటం: కత్తి ఎత్తిన వీరుడు, కొన్నిటి మీద అతను కాపాడిన ఆవులమంద కూడా. నడుమ అతన్ని చెరో చేయీ పట్టుకుని పైకి తీసుకెళ్తున్న అప్సరసలు. పైన కైలాసం, శివలింగం, దాని పక్కన చేతులు జోడించిన వీరుడు. అతను బతికినన్నాళ్ళూ మంచివాడేనా, దాయాదులతో ఎలా ఉన్నాడు అని ఆ రాయి అడగదు. వెన్ను చూపకుండా పడ్డాడు, వీరస్వర్గం దక్కింది, అంతే. స్వర్గంలో దుర్యోధనుణ్ణి చూసి కోపంతో ఊగిపోతున్న ధర్మరాజుకు నారదుడు చెప్పిందీ ఇదే లెక్క: యుద్ధంలో దేహాన్ని ఆహుతి చేశాడు, వీరలోకం పొందాడు.

వ్యాసుడు అక్కడితో ఆగలేదు. ఇంద్రుడి నోట ఇంకో మాట అనిపించాడు. పాపం ఎక్కువున్నవాడు తనకున్న కాస్త పుణ్యాన్ని ముందు అనుభవిస్తాడు. పుణ్యం ఎక్కువున్నవాడికి ముందు నరకం, తర్వాత స్వర్గం. ఈ ఒక్క సూత్రంతో దృశ్యం మొత్తం తిరగబడుతుంది. మనం చూసింది దుర్యోధనుడి కథ ముగింపు కాదు, అతని లెక్కలో మొదటి పద్దు. తర్వాత ఎవరి మూలంలోకి వాళ్ళు పోతారు: కర్ణుడు సూర్యుడిలోకి, భీష్ముడు వసువుల్లోకి, శకుని ద్వాపరంలోకి. పగలు పట్టుకుని వేలాడటానికి మనుషులే మిగలరు. పట్టాభిషేకంతో ఆపేసిన భారతం సగం భారతమే అని నా అభిప్రాయం.

తెలుగువాడికి ఈ చివరి ఘట్టాలంటే ఒక జంకు ఉంది. తిక్కనంతటివాడు నిర్వచనోత్తర రామాయణంలో రామనిర్యాణం జోలికి పోలేదు. ఆ లోటు తర్వాత జయంతి రామభట్టు పూరించాడు. అదే తిక్కన విరాటం మొదలు 15 పర్వాలు తెనిగిస్తూ స్వర్గారోహణం దాకా వచ్చాడు. రాముడి దగ్గర ఆగిన కలం పాండవుల దగ్గర ఆగలేదు. భారతంలో చావు తర్వాతి కథే తీర్పు కదా, దాన్నెలా వదులుతాడు?

ఈ తీర్పును కళ్ళకు కట్టించగల కళ మనకు దగ్గర్లోనే ఉంది. బుక్కపట్నం నుంచి కొత్తచెరువు మీదుగా ధర్మవరం వెళ్తే ఆ మండలంలోనే నిమ్మలకుంట. తోలుబొమ్మల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, ఎండబెడితే వెలుగు దూరేంత పలచనవుతుంది. దాని మీద బొమ్మ గీసి, రంగులద్ది, నగలున్నచోటల్లా ఉలితో సన్నని బెజ్జాలు కొడతారు. వెనక దీపం పెడితే బెజ్జాల్లోంచి హారాలూ కిరీటాలూ మెరుస్తాయి. ఆంధ్ర బొమ్మలు కొన్ని మనిషెత్తు ఉంటాయి. మెడ, భుజం, మోచేయి, మోకాలు విడివిడిగా కదులుతాయి. బొమ్మను తెరకు అదిమితే గీతగీతా తేటగా పడుతుంది. కాస్త వెనక్కి లాగితే అలుక్కుపోయి పెద్దదవుతుంది. చీకట్లోంచి గొంతు ముందు వచ్చి, ఆకారం తర్వాత తేలాల్సిన ఆ నరకఘట్టానికి ఇంతకన్నా తగిన సాధనం నాకు తోచడం లేదు. సినిమా గ్రాఫిక్సు కూడా ఇంత పొదుపుగా ఆ పని చేయలేవు. పైగా తెర వెనక ఒకే ఆటగాడు దుర్యోధనుడికీ ధర్మరాజుకూ గొంతు ఇవ్వగలడు.

తోలుబొమ్మలాట అనగానే జనం అడిగేవి సుందరకాండ, లక్ష్మణమూర్ఛ, మైరావణ చరిత్ర, పద్మవ్యూహం. వాన రాకపోతే విరాటపర్వం. మధ్యమధ్య హాస్యపు బొమ్మలు కేతిగాడూ బంగారక్కా వచ్చి నవ్వించాలి, చివర మంగళం పాడాలి. స్వర్గారోహణం కావాలనేవాళ్ళు అరుదు. రాత్రంతా ఆడించేవాళ్ళే తగ్గి, ఆటగాళ్ళ చేతులు దీపాల తొడుగులూ గోడబొమ్మలూ చేసే పనిలో పడ్డాయి. నిమ్మలకుంటకు వెళ్తే తొడుగు ఒకటి కొనుక్కోండి, మంచిదే. అలాగే మీ ఊరి జాతరకు ఒక రాత్రి ఆట మాట్లాడుకోండి. మాట్లాడుకునేటప్పుడు, పట్టాభిషేకంతో ఆపొద్దు, దుర్యోధనుడు స్వర్గంలో కూర్చున్న ఘట్టం కూడా ఆడమని అడగండి.